కనకాలపేట తాళపుచెవి

కాకినాడలో ఉదయమున ఎక్కిన బస్సు కోరంగి, తాళ్ళరేవులు దాటి, ఒకవైపు కోతకు వచ్చిన వరిచేలును మఱియొకవైపు రొయ్యల చెఱువులును వెనుకకు జరిగిపోవుచుండగా, పొలిమేర యని చెప్పదగిన గోడ గాని కంచె గాని లేకయే, దుకాణముల పలకలమీది రాష్ట్రము పేరు మాఱుటను బట్టి మాత్రమే తెలియునట్లుగా, నన్ను యానాములో దింపెను. చుట్టును ఆంధ్రదేశమే, భాష తెలుగే, నీరు గౌతమిదే. అయినను ముప్పది చదరపు కిలోమీటర్ల పాటి ఈ నేల ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరముననున్న పుదుచ్చేరికి చెందినది. ఫ్రెంచివారు 1723లో ఇచట వర్తకస్థానము నెలకొల్పి, కొలదియేండ్లకే విడిచిపోయి, 1731లో మరల వచ్చి, నడుమ నడుమ ఆంగ్లేయుల చేతికి చిక్కిన కాలములు పోగా, 1954 జూన్ 13వ తేదీన దాడల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున విమోచనోద్యమకారులు ఊరిని స్వాధీనపఱచుకొనువఱకును ఏలుబడి సాగించిరి.

అక్కడికి పోవువారు సాధారణముగా గౌతమీతీరమును చూతురు, సెయింట్ ఆన్ దేవాలయమును చూతురు, మీసాల వేంకన్నను సేవింతురు. నేనును ఆ మూడు పనులును చేసితిని. కాని నా ప్రయాణమునకు కారణము వేఱు. చిన్ననాడు మా యూరి బడిలో ఒక ఉపాధ్యాయుడు, "ఇస్కూలు" అన్నందుకు నా యరచేతిమీద బెత్తముతో కొట్టి, "స్కూలు" అని నూఱుమార్లు వ్రాయించెను. దెబ్బను మఱచితిని గాని, నా నోటికి అంత సహజముగా వచ్చిన ఆ ఇకారము ఎందుకు తప్పయ్యెనో నాకు చిరకాలము బోధపడలేదు. పెరిగి పెద్దవాడనైన పిమ్మట, లాటినుభాషనుండి ఇటాలియను, స్పానిషు, పోర్చుగీసు, ఫ్రెంచి, రుమేనియను మొదలైన భాషలు పుట్టిన వైనమును చదువుచు, రోమక సామ్రాజ్యములోని సామాన్యజనులును 'స్కోల' యను మాటను నోరు తిరుగక 'ఇస్కోల' యనిరనియు, ఆ ఇకారమే ఎకారమై స్పానిషున 'ఎస్కువేల'గాను, పోర్చుగీసున 'ఎష్కోల'గాను నిలిచెననియు, ఫ్రెంచిలోనైతే సకారము కూడ జాఱిపోయి 'ఎకోల్' అయి ఫ్రాన్సు దేశపు ప్రతి పాఠశాల ద్వారముమీదను సగౌరవముగా కూర్చున్నదనియు తెలిసికొన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 'ఎకోల్' అను మాటయు 'ఇస్కూలు' అను మాటయు ఒకే వీథిలో వినబడిన తెలుగునేల, నేనెఱిగినంతలో, యానాము. ఆ వీథిలో ఒక్కదినమైన కూర్చుండి చెవియొగ్గి వినవలెనని బయలుదేరితిని.

యానాము పట్టణమును ఆనుకొని మెట్టకూరు, అడవిపొలము, ఫరంపేట, కురసాంపేట మొదలైన పల్లెలున్నవి. వానిలో కనకాలపేట యొకటి. ఫ్రెంచివాడు ఈ పేరును తన లిపిలో 'సి' యను అక్షరముతో మొదలిడినచో, దాని వెనుక అకారముండుటచే దానిని 'క' యనియే చదువును. అదే అక్షరము వెనుక ఇకారమో ఎకారమో వచ్చెనా, 'స' యని చదువును. ఒక్క అక్షరమునకు రెండు పలుకుబడు లెట్లు సంక్రమించెనను ప్రశ్నకు బడిలో చెప్పు వ్యాకరణమున సమాధానము దొరకదు. కనకాలపేటలో ఒక యింటి అరుగుమీద అది నాకు అడుగకయే దొరకెను.

ఆ యింటి పెద్ద ఎనుబదియైదేండ్లు దాటినవారు. ఫ్రెంచివారి కాలమున బడిలో ఫ్రెంచి చదివినవారు. ముందుగా ఉత్తరము వ్రాసియే పోయితిని గనుక, నన్ను ఆదరముతో అరుగుపై కూర్చుండబెట్టి, మజ్జిగ యిప్పించి, తమ చిన్ననాటి వాచకములు వెనుకగదిలో ఒక కఱ్ఱపెట్టెలో భద్రముగా నున్నవని చెప్పి, లోనికి కేకవేసిరి.

"ఏమే! ఎనకగది తాళంచెవి ఎక్కడెట్టేవు?"

"నా దగ్గరెక్కడుందండీ? నిన్న బస్తాలు తియ్యడానికి అబ్బాయికిచ్చేను," అని లోపలినుండి ఇల్లాలు.

పెరటిలో కొబ్బరికాయలు ఒలుచుచున్న పనివాడు తువ్వాలుతో చేతులు తుడుచుకొనుచు వచ్చి నిలిచెను. "సెవి సాయంత్రమే అమ్మగారికిచ్చేసేనండి. ఆయ్, సేతికే ఇచ్చేనండి, తులసికోట కాడ నిలబడుంటేను."

వెదకులాట మొదలయ్యెను. చూరులో చూచిరి, దేవుని గూటిలో చూచిరి, ఉప్పుజాడీ వెనుక చూచిరి. పెద్దవారు, "బాబాయిగారూ, నాకేమియు తొందరలేదు" అని నేనెంత చెప్పినను వినక నొచ్చుకొనుచుండిరి. కాని నాకు కావలసినది అప్పటికే వారి మూడు నోళ్ళనుండియు రాలినది.

"ఎక్కడెట్టేవు" అను మాటను విడదీసి చూడుడు. అది 'ఎక్కడ పెట్టితివి.' రెండచ్చుల నడుమ పడిన పకారము మెత్తబడి వకారమై, 'ఎక్కడ వెట్టేవు' అయి, ఆ వకారమును ఎకారమునందు కరగిపోయి, 'ఎక్కడెట్టేవు'గా మిగిలినది. దీనిని పల్లెటూరి సోమరి పలుకుబడి యనువారు, తాము బాల్యమున బెత్తపుదెబ్బలకు వెఱచి వల్లించిన గసడదవాదేశ మేమియో మఱచినవారు. వాడు కొట్టెను అనుట 'వాడు గొట్టె' యగునని, అతడు పోయెను అనుట 'అతడు వోయె' నగునని చిన్నయసూరి మొదలైన లాక్షణికులు శాసించిరే, ఆ కచటతపలు గసడదవలగుటయు, గోదావరిసీమ ఇల్లాలిని మగడు తాళంచెవి యెక్కడెట్టేవని అడుగుటయు ఒకే ప్రవృత్తి. అచ్చునకును అచ్చునకును నడుమ చిక్కిన పరుషము, రెండు రాళ్ళనడుమ ఏటిలో దొర్లు గులకరాయివలె, కోసు పోయి నున్నబడును.

ఇక లాటినును చూడుడు. ఏటిగట్టును ఆ భాషలో 'రీప' యనిరి. ఇటాలియనులో అది 'రీవ' అయినది; ఫ్రెంచిలో 'రీవ్' అయినది. పకారము వకారమగుట మన గసడదవలలోని కడపటి మెట్టే గదా! చెలికత్తె 'అమీక', స్పానిషున కకారము గకారమై 'అమీగ', ఫ్రెంచిలో ఆ గకారమును లేక 'అమీ'. జీవితము 'వీత', స్పానిషున తకారము దకారమై 'వీద', ఫ్రెంచిలో అదియు పోయి 'వీ'. టస్కనీ సీమలోనైతే నేటికిని 'కాస' యనగా ఇల్లు. దానికి ముందు 'లా' యను పదము చేరి అచ్చుతో ముగియగానే, 'లా హాస' యని కకారము హకారముగా వినబడును. అనగా పదాదినున్న పరుషము ముందుపదము తుది అచ్చునుబట్టి మాఱుచున్నదన్నమాట. మన సంధిపరిచ్ఛేదము చదివిన ఏ తెలుగు విద్యార్థి యైనను ఆ మాట వినినతోడనే తలయూపును.

పనివాని మాట ఇంతకంటెను లోతైనది. వాడు చెవిని 'సెవి' యనెను, చేతిని 'సేతి' యనెను. పట్టణవాసులు నవ్వుదురు. కాని ఆ 'చెవి' మాత్రము ఆదినుండియు చకారముతో నున్నదా? కన్నడిగుల నడుగుడు: వారికది 'కివి.' మన చేయి వారికి 'కై', మన చెఱువు వారికి 'కెఱె', మన చిఱుత వారికి 'కిఱు', మన చెడు వారికి 'కెడు.' మన చిలుక తమిళులకు 'కిళి.' పూర్వద్రావిడమున కకారమే యుండగా, వెనుకవచ్చు ఇ, ఎ యను తాలవ్యాచ్చుల సాంగత్యముచే అది మన భాషలో చకారమైనదని భాషావేత్తలు నిశ్చయించిరి. పాఠకుడు ఇప్పుడే 'క' యని, వెంటనే 'కి' యని పలికి, నాలుక ఎచట తాకుచున్నదో గమనించినచో ఈ సంగతికి వేఱు సాక్ష్యమక్కఱలేదు: 'కి' యనునపుడు నాలుక అంగిటిలో ముందునకు జరుగును; మఱికొంత జరిగిన 'చి' యగును. మన పూర్వులు ఆ మఱికొంత జరిగిరి. కనకాలపేట పనివాడు ఇంకొక అడుగు జరిగి 'సి' దగ్గఱకు వచ్చినాడు. కివి, చెవి, సెవి: మూడు మెట్లు.

లాటినువా రెక్కిన మెట్లును అవియే. నూఱునకు వారిమాట 'కెన్తుమ్.' సిసెరో యని మనము పలుకు ఆ మహావక్త తన కాలమున కికెరో. సార్డీనియా ద్వీపపు నడుగొండలలో నేటికిని నూఱు 'కెన్తు'యే. అక్కడివారు మన కన్నడిగులవలె పాత కకారమును దాచుకొన్నారు. ఇటలీలో 'చెన్తో', అది మన తెలుగుమెట్టు. స్పెయిను నడుమభాగమున నాలుకను పండ్లనడుమ నుంచి 'థియెన్తో' యందురు. దక్షిణ స్పెయినునందును అమెరికా ఖండమునందును 'సియెన్తో' యందురు. ఫ్రెంచివారు మొదట దానిని మన 'చలి', 'చల్ల' అను మాటలలోని దంత్యచకారమువలె, అనగా పాతవాచకములలో నెత్తిన రెండంకె పెట్టి చూపుచుండిన ఆ 'ౘ'వలె పలికి, 13వ శతాబ్దినాటికి దానిని శుద్ధ సకారముగ మార్చుకొనిరి. ఆకాశము 'కేలుమ్' కాగా ఫ్రెంచిలో 'సియెల్', ఇటలీలో 'చేలో', రుమేనియాలో 'చెర్.' ప్యారిసునగర పండితుడు 'కె'ను 'సె'గా మార్చిన త్రోవయు, మా పనివాడు 'చె'ను 'సె'గా మార్చిన త్రోవయు ఒకటే. అందు మొదటిదానికి విద్యాపీఠములు, రెండవదానికి బెత్తమును దక్కినవి. ఈ యన్యాయము నన్ను నేటికిని బాధించును.

ఈ మాటలన్నియు నేను పెద్దవారితో చెప్పగా వారు మిక్కిలి సంతోషించి, కన్నులు మూసికొని, ఎనుబదియేండ్లనాటి పాఠమును తలచుకొని, ఒక్కొక్క అంకెను ఫ్రెంచిలో చెప్పసాగిరి. నూఱు వచ్చునప్పటికి వారి నోట 'సాఁ' అని, ముక్కులోనుండి గంటమ్రోతవలె వినబడెను. వారి 'ర' మాత్రము తెలుగు రేఫమే. నేటి ప్యారిసువారు గొంతులో పలుకు రేఫము ఇక్కడి బాలుర నాలుకకు అంటినట్లు లేదు. "మాస్టారూ, ఆగస్టు నెలని మా పంతులుగారు 'ఊ' అనేవారండి. ఇంకో పంతులుగారొచ్చేక 'ఊత్' అనమన్నారు. ఏది రైటో ఇప్పటికీ తెలీదు," అనిరి. రెండును సరియే యంటిని. రోము చక్రవర్తి అగుస్తుసు పేర వెలసిన 'అగుస్తుమ్' నడుమ హల్లు పోయి, తుది అక్షరములు పోయి, సకారము పోయి, చివరకు ఒక్క 'ఊ'గా మిగిలినది. తుది తకారమును కొందఱు పలుకుదురు, కొందఱు పలుకరు, ఫ్రాన్సులోను అంతే. యానాము శాసనసిద్ధముగ భారతదేశమున కలిసినది 1962వ సంవత్సరపు ఆ 'ఊ' నెలలోనే, 16వ తేదీన.

మాటలు వ్రాతలమీదికి పోయెను. ఫ్రెంచికాలపు యానాము మేయరులలో ఒకరైన సమతం కృష్ణయ్యగారి పేరు ఫ్రెంచి లిపిలో 'క్రుష్ణయ్య' యని చదువవలసినట్లుగా, ఉకారమునకు గుర్తైన రెండక్షరములతో వ్రాయబడియుండుట నాకెల్లప్పుడును ముచ్చటగానుండును. ఉత్తరదేశీయులు 'క్రిష్ణ' యందురు, మనము 'క్రుష్ణ' యందుము. ఋకారమునకు తెలుగునోట కలుగు ఉకారచ్ఛాయను ఆ లేఖకుడు విన్నది విన్నట్లు పట్టెను. ఊరిపేరును అంతే. ఫ్రెంచివారు దీనిని 'యానఓఁ' అని వ్రాసిరి. మకారమేమాయెనని మనవారు అడుగుదురు. మనము 'పుస్తకం', 'యానాం' అను మాటల తుదిని నిజముగా పెదవులు మూసి మకారము పలుకుచున్నామా? పెదవులు సగము మూయగనే గాలి ముక్కులోనికి జాఱి, 'యానాఁవ్' వంటి యొక ధ్వని వెలువడును. ఆ ధ్వనిని ఓఁకారముగా పట్టినవారి చెవి మంచిదని నా యభిప్రాయము. మన అరసున్నను మనము కాగితముమీద వదలివేసితిమి. వారు దానిని నోట నిలుపుకొన్నారు.

ఇంకొక మాట. ఈ ప్రాంతపు రేవులనుండి 19వ శతాబ్దిలో మనవారు బూర్బన్ దీవికిని, అనగా నేటి రెయూనియనునకును, మారిషసునకును చెఱకుతోటల కూలికి పోయిరి. మారిషసు క్రియోలు భాషలో 'తినుట' యను ఫ్రెంచి 'మాఁజే' మాట 'మాఁౙే' యగును, 'త్రోవ' యను 'షెమెఁ' మాట 'సిమే' యగును. ఆ త్రోవ లాటినున కకారాది 'కమ్మీనుస్'. పాతఫ్రెంచిలో చకారము, నేటి ఫ్రెంచిలో షకారము, దీవులలో సకారము. కోరంగి కూలీలు తమ 'సెయ్యి'ని, 'సెరువు'ను వెంట గొనిపోయి ఆ దీవిలో దిగినపుడు, ఆ 'సిమే' వారి చెవులకు పరాయిగా తోచి యుండదు.

ఎండ వాలెను. తాళపుచెవి దొరకలేదు. చెవి యను మాటతోనే నాకు మఱియొక సంగతి తలపునకు వచ్చి పెద్దవారికి చెప్పితిని. లాటినుభాష చెడిపోవుచున్నదని వగచిన ఒక ఉపాధ్యాయుడు, ఇట్లనవలెను, అట్లనరాదు అని 227 పదములతో ఒక పట్టిక వ్రాసెను. ప్రాచీన వ్యాకర్త యైన ప్రోబుసు పేర దానిని 'ప్రోబుసు అనుబంధ'మని పిలుతురు. అందు చెవిని 'ఔరిస్' అనవలెను గాని 'ఓరిక్ల' యనరాదని నిషేధించెను. వ్రాసినవాని పేరైనను మనకు దక్కలేదు. వాడు నిషేధించిన 'ఓరిక్ల' మాత్రమే బ్రతికి, ఫ్రెంచిలో 'ఒరెయ్', స్పానిషున 'ఒరెఖ', పోర్చుగీసున 'ఒరేల్య', ఇటలీలో 'ఒరెక్కియో' అయినది. ఆ పట్టికకు నేడు గల ప్రయోజనమంతయు అందలి తప్పుల వలననే. ఆ కాలపు సామాన్యుడు ఎట్లు మాటలాడెనో తెలుపునది అదియే. నా బాల్యపు ఉపాధ్యాయుడు నా చేత వ్రాయించిన నూఱుమార్ల 'స్కూలు' ఎచటనైన మిగిలియున్నచో, అందును ఒక 'ఇస్కూలు' సాక్ష్యము దాగియుండును.

ఇంతలో లోపలినుండి నవ్వు వినబడెను. తాళపుచెవి ఇల్లాలి బొడ్డులోనే, చీరకుచ్చెళ్ళ మడతలో, నిన్న సాయంత్రము దోపుకొన్నది దోపుకొన్నట్లే యుండెను. పనివాడు, "సెప్పేను కదండీ," అనెను. ఆమె సిగ్గుపడుచు దానిని నా చేతికిచ్చెను: జానెడు పొడవు, త్రుప్పు పట్టని ఇనుము, ఒక కొసను వేలు దూరునంత వలయము, మఱియొక కొసను రెండు పండ్లు. వలయము నిజముగా చెవితమ్మెవలెనే యుండెను.

ఈ వస్తువునకు 'చెవి' యను పేరు ఆ వలయమునుబట్టి వచ్చినదందురు. కాదనుటకు ధైర్యము చాలదు. కన్నడిగులు దీనినే 'బీగద కై', అనగా తాళపుచేయి యని పిలుచుచుండగా, మనము తాళపుచెవి యనుటలో వింతయేమి? కాని పోర్చుగీసుభాషలో తాళమును తెఱచు వస్తువునకు 'షావ్' అని పేరు. వారు మన తీరములకు వచ్చిన 16వ శతాబ్దిలో ఆ మాటను చకారముతో 'చావె' యని పలికెడివారు. వారినుండియే హిందీకి 'చాబీ'యు, తమిళమునకు 'సావి'యు వచ్చినవి. పిమ్మట లిస్బనులో చకారము షకారమైపోయినది. హిందీవాని చాబీలో పాత చకారము చెక్కుచెదరక నిలిచినది. ఆ మాటకు మూలమైన లాటిను 'క్లావిస్' ఇటలీలో 'క్యావె', స్పెయినులో 'ల్యావె' లేక 'యావె', బ్వేనస్ ఐరిస్ నగరమున 'షావె', ఫ్రాన్సులో తుది హల్లు కూడ మూగపోయి 'క్లే.' సముద్రముమీద వచ్చిన 'చావె' మన యింటి 'చెవి'ని కలిసికొని, ఒకదానిలో ఒకటి ఒదిగిపోయినవని నా నమ్మకము. ఇనుపముక్క చేతిలో బరువుగా నుండగా, ఒక కొసను 'క్లావిస్', మఱియొక కొసను 'కివి' పట్టుకొని లాగుచున్నట్లు తోచెను.

గది తెఱచితిమి. పెట్టెలో వాచకములు మూడు మిగిలియుండెను. నాలుగవదానిని చెదలు తినివేసినది. పెద్దవారు మొదటి పుట తెఱచి 'సియెల్' అని చదివి, పైకి చూచిరి. నేను చివరి బస్సునకు బయలుదేరితిని.

ఇది చదువుచున్నవారిని ఒకటి వేడుకొందును. రాయలసీమవారు తాళమును 'బీగ'మందురు. తెలంగాణములో కొందఱు తాళపుచెవిని 'చాబి' యందురు. మా గోదావరిలో 'తాళంసెవి' యనువారు నేటికిని కలరు. మీ యింట ఆ వస్తువును మీ అమ్మమ్మ యేమని పిలుచునో, అందలి మొదటి హల్లును ఏ తీరున పలుకునో, ఆమెను దిద్దక, విన్నది విన్నట్లు ఒక కాగితముపై వ్రాసి, ఊరిపేరును తేదీయు వేసి దాచుడు.